పిడుగు వేసుకున్న సూది

పుట్టినప్పుడు ఆసుపత్రివాళ్ళు ఆడపిల్ల అని రాశారు. నడక వచ్చేసరికి ఇంట్లో అందరూ పిడుగు అని పిలవడం మొదలుపెట్టారు. ఆ పేరు ఎవరికైనా సరిపోతుంది. అందుకే పదిహేనో ఏట, "నేను ఆడపిల్లని కాదు, అబ్బాయిని" అని ఇంట్లో చెప్పినప్పుడు కనీసం కొత్త పేరు వెతుక్కునే పని తప్పింది. మిగతా తంటాలన్నీ అలాగే ఉండిపోయాయి.

ఆ మాట విన్న రోజు తల్లి అన్నం ముట్టలేదు. తండ్రి తిన్నాడు. తిని, చెయ్యి కడుక్కుని, జుట్టు కత్తిరించే మిషను తెచ్చి, "మరీ పొట్టిగానా, కొంచెం ఉంచాలా?" అని అడిగాడు. ఆయన కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. చేతికి ఏదో ఒక పని దొరికితే తప్ప ఆయనకు ఆలోచన ముందుకు సాగదు.

తల్లిది డ్రైవింగ్ స్కూలు. రోజంతా పక్క సీట్లో కూర్చుని, తనవైపు అదనంగా బిగించిన బ్రేకు మీద కాలు పెట్టుకుని, ఎదుటివాళ్ళు చెయ్యబోయే తప్పును వాళ్ళకంటే ముందే ఊహించి భయపడటం ఆమె ఉద్యోగం. ఇంటికొచ్చాక కూడా ఆ భయం దిగేది కాదు. పిడుగు విషయంలో ఆమెకు మొదటి చిక్కు మాటల దగ్గరే వచ్చింది. ఎదురుగా ఉన్నప్పుడు "తిన్నావా, పడుకున్నావా" అంటే సరిపోతుంది. ఇంకొకరితో చెప్పాల్సి వచ్చినప్పుడు "లేచింది" అంటే పిడుగు మొహం మాడిపోయేది. "లేచాడు" అందామంటే ఆమెకు నాలుక తిరిగేది కాదు. చివరికి బహువచనాన్ని ఆశ్రయించింది. "మా వాళ్ళు ఇంకా లేవలేదు", "మా వాళ్ళు కాలేజీకి వెళ్ళారు" అనడం అలవాటు చేసుకుంది. పక్కింట్లో కొత్తగా దిగినావిడ, ఈ ఇంట్లో పిల్లలెంతమందో అర్థంకాక, ఒకరోజు బుట్టెడు పళ్ళు పంపింది.

ఇవన్నీ పిడుగు ఎలాగో ఓర్చుకున్నాడు. వాడు ఓర్చుకోలేనిది నెలనెలా వచ్చేది. నెలసరి దగ్గరపడుతోందని నడుములో లాగుడు మొదలైతే చాలు, వాడికి లోకం మీద కసి పుట్టేది. అద్దంలో పొట్టి జుట్టుతో తను అనుకున్న మనిషే కనిపించేవాడు. లోపల ఒళ్ళు మాత్రం, నువ్వు ఎవరివని చెప్పుకుంటే నాకేం అన్నట్టు దాని పని అది చేసుకుపోయేది. తనను ఎవరూ సంప్రదించని వ్యవహారానికి తను కాపలా కాయాల్సి రావడం ఏమిటని వాడి బాధ.

కాలేజీలో పరిస్థితి ఇంకా అన్యాయంగా ఉండేది. ఆడపిల్లల బాత్రూంకి వెళితే, మగపిల్లాడు దూరాడని వాళ్ళు హడలిపోయేవాళ్ళు. మగపిల్లల వైపు వెళితే అక్కడ తలుపులకు గడియలు ఉండవు. వాడిన ప్యాడ్ పడెయ్యడానికి బుట్ట అసలే ఉండదు. ఆ మూల నలుగురు ఎప్పుడూ గోడకానుకుని కబుర్లు చెప్పుకుంటూ ఉంటారు. అందుకని పిడుగు రెండువైపులా వెళ్ళడం మానేశాడు. నీళ్ళు తాగకపోతే వెళ్ళే అవసరమే రాదని కనిపెట్టి, తన తెలివికి తానే మురిసిపోయాడు. పొద్దున పెట్టుకున్న ప్యాడ్‌తోనే సాయంత్రం ఇంటికి చేరేవాడు. తొడలు ఒరుసుకుపోయి కాళ్ళు ఎడంగా వేసి నడుస్తుంటే, ఇది మగవాళ్ళ నడకేలే అని సరిపెట్టుకునేవాడు. కొన్ని నెలలకు మూత్రంలో మంట పట్టుకుంది, వణుకుతో జ్వరం వచ్చింది.

తల్లి వీధి చివరి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన పెద్దమనిషి, పరీక్ష చేయించి మంచి మందులే ఇచ్చాడు, ఆ మాట కాదనడానికి లేదు. కానీ ఇచ్చి ఊరుకోలేదు. వయసులో ఉన్న పిల్ల, జుట్టు పెంచుకుంటే మనసు కుదుటపడుతుందని చెప్పాడు. నెలసరి ఆపే మందేమైనా ఉందా అని పిడుగు అడిగితే, అలాంటివి అడక్కూడదని, రేపు పెళ్ళయితే అన్నీ వాటంతటవే సర్దుకుంటాయని చెప్పాడు. బోడిగుండుకీ మోకాలికీ ముడి పెట్టడం పిడుగు విన్నాడుగానీ, మూత్రంలో మంటకు జుట్టుతో ముడిపెట్టడం అదే మొదటిసారి చూశాడు. మందులు పూర్తిగా వాడాడు, జ్వరం తగ్గింది. డాక్టర్లనేవాళ్ళని ఇంక ఏమీ అడగకూడదని మాత్రం నిశ్చయించుకున్నాడు.

అడగడానికి వాడికి ఇంకో మనిషి దొరికాడు. కాలేజీ వెనక వీధిలో ఒక జిమ్ ఉండేది. అక్కడ శిక్షణ ఇచ్చే మనిషిని పిల్లలందరూ కండలన్న అనేవాళ్ళు. మనిషి చెడ్డవాడు కాదు. పిడుగుని చూసిన మొదటి రోజే "ఏం తమ్ముడూ" అన్నాడు. ఆ ఒక్క పిలుపుకి పిడుగు ఆయన ఏం చెప్పినా నమ్మడానికి సిద్ధపడిపోయాడు. సంగతంతా విని, ఇంతదానికి డాక్టర్లెందుకు, మగ హార్మోను సూది వేసుకుంటే కండలూ వస్తాయి, గొంతూ మారుతుంది, ఆ నెల గొడవా పోతుందని కండలన్న చెప్పాడు. తన దగ్గర ఉన్న చిన్న సీసా ఒకటి ఇచ్చాడు కూడా. సీసా మీది కాగితంలో అక్షరాలు సగం చెరిగిపోయి ఉన్నాయి. పిడుగు అది పట్టించుకోలేదు. తాను ఎదురుచూస్తున్నది అందులో ఉందనుకున్నాడు.

బాత్రూం తలుపు మూసుకుని సూది వేసుకున్నాడు. నొప్పి పుట్టింది, గర్వంగానూ అనిపించింది. కొన్నాళ్ళకు మొహం నిండా మొటిమలు లేచాయి. మొటిమలు చూసి అంత సంతోషించిన పిల్లవాణ్ణి ఆ అద్దం అంతకుముందు చూసి ఉండదు. ప్రతి చిన్నదానికీ కోపం ముంచుకొచ్చేది. తల్లి పప్పులో ఉప్పెక్కువైందా అని అడిగినా తగువులాగే వినిపించేది. ఇంత జరుగుతున్నా నెలసరి మాత్రం పిలవని పేరంటంలా వచ్చి కూర్చుంది. పైగా ఈసారి ఎక్కువగా వచ్చింది. సరిపోలేదేమోనని పిడుగు మరికాస్త ఎక్కువ వేసుకున్నాడు. ఆ తర్వాత కుడి తొడలో గట్టిగా ఒక గడ్డ తేలింది. తాకితే కాలిపోయేది.

చెబితే తిడతారు, చెప్పకపోతే తగ్గిపోతుందేమో అన్న ఆశతో కొన్నాళ్ళు కుంటుతూ తిరిగాడు.

ఒక సాయంత్రం తల్లి పాఠం మధ్యలోనే కాలేజీ దగ్గర ఆగి వాణ్ణి వెనక సీట్లో ఎక్కించుకుంది. బండి నడుపుతున్నది ఒక పళ్ళ డాక్టరు. నడివయసు మనిషి, పదిమంది దవడలు రోజూ తెరిపించే చెయ్యి, స్టీరింగు పట్టుకుంటే మాత్రం చెమటలు కక్కేది. ఆయన అప్పటికి కూడలి దాటడం ఇంకా నేర్చుకుంటున్నాడు. అద్దంలో వెనక్కి చూసిన తల్లికి పిడుగు సీటు మీద ఒక పక్కకి ఒరిగి, ఒక కాలు చాపుకుని కనిపించాడు.

"ఎందుకలా వంకరగా కూర్చున్నావు?"

ఏమీ లేదన్నాడు పిడుగు.

"క్లచ్ నొక్కండి డాక్టరుగారూ, పూర్తిగా. ఏమీ లేకపోతే సరిగ్గా కూర్చో."

సరిగ్గా కూర్చోబోయి పిడుగు మూలిగాడు. ఆమె సీట్లోంచే వెనక్కి తిరిగి, చెయ్యి చాపి నుదురు పట్టుకు చూసింది. కాలిపోతోంది. పళ్ళ డాక్టరు బండిని ఎడమకి తిప్పాలా కుడికి తిప్పాలా అని అడిగాడు. కాసేపు ఎటూ తిప్పకుండా నేరుగా పోనివ్వమంది. మళ్ళీ వెనక్కి తిరిగింది. అడిగింది, గద్దించింది, మధ్యలో రెండుసార్లు తనవైపు బ్రేకు తొక్కింది. బయటివాళ్ళ ముందు నోరు విప్పకూడదని పిడుగు పళ్ళు బిగబట్టాడు. చివరికి కూడలి దగ్గర బండి ఆగిపోయి, వెనక వాహనాలన్నీ కలిసి హారన్లు మోగిస్తుండగా, ఆ గోలలో వినబడదులే అన్న ధైర్యంతో సూది సంగతి చెప్పేశాడు.

ఆమెకు బాగానే వినబడింది.

"విన్నారా డాక్టరుగారూ? వీడు ఎవడో ఇచ్చిన సూది తొడలో పొడుచుకున్నాడంట. ఎక్కించుకున్నది ఏంటో కూడా వీడికి తెలీదంట."

జ్వరంలో, నొప్పిలో, ముందుకు కదలని బండిలో కూడా పిడుగుకి ఒక సంగతి తట్టింది. అమ్మ నోట "వీడు" అన్న మాట రావడం అదే మొదటిసారి. దానికోసం ఏడాది ఎదురుచూశాడు. అది వచ్చిన సందర్భం చూసుకుంటే సంతోషించాలో ఏడవాలో తెలియలేదు.

పళ్ళ డాక్టరు ఇంజను మళ్ళీ స్టార్టు చేశాడు. వెనక్కి తిరక్కుండానే, గడ్డ ఎర్రగా ఉందా, చలి పుడుతోందా అని రెండు ప్రశ్నలు అడిగాడు. తర్వాత నేరుగా పెద్దాసుపత్రికి పోనిచ్చాడు. దారిలో ఒక్కసారి కూడా బండి ఆగలేదు. పాఠాల్లో ఇంత చక్కగా ఎందుకు నడపరో తనకు ఎప్పటికీ అర్థంకాదని తల్లి తర్వాత చాలాసార్లు అంది.

ఆసుపత్రిలో నర్సు పేషంటు ఆడా మగా అని అడిగింది. తల్లీ పిడుగూ ఒకేసారి చెరో జవాబు చెప్పారు. నర్సు విసుక్కుంది. "పదహారేళ్ళ మనిషి, తొడలో చీము పట్టింది, ముందు అది చూడండమ్మా" అని పళ్ళ డాక్టరు అడ్డుపడ్డాడు. గడ్డ కోసి చీము తీసి కట్టు కట్టారు. సూది పొడుచుకోవడానికి లేని భయం కత్తి చూసేసరికి వచ్చి, పిడుగు అంతసేపూ తల్లి చెయ్యి పట్టుకునే ఉన్నాడు. ఆమె తిడుతూనే ఉంది, చెయ్యి మాత్రం వదల్లేదు.

పళ్ళ డాక్టరుతో కలిసి చదువుకున్నావిడ అక్కడే హార్మోన్ల డాక్టరు. పుండు మానడం మొదలయ్యాక ఆయనే చెప్పి పంపాడు. తల్లీ తండ్రీ పిడుగూ ముగ్గురూ వెళ్ళారు. ఆవిడ మొదట పిడుగునే అడిగింది, ఏమని పిలవమంటావని. పిడుగు అనమన్నాడు. ఆవిడ నవ్వలేదు. సీసా తెచ్చారా అని అడిగి, తీసుకుని, వెలుతురుకి పట్టి చూసింది.

"ఇందులో ఏముందో నాకు తెలీదు. నీకు తెలీదు. ఇచ్చినవాడికీ తెలిసుండదు. ఎవరికీ తెలియనిదాన్ని ఒంట్లోకి పంపావన్నమాట. సూది ప్రతిసారీ కొత్తదేనా?"

పిడుగు నేల చూపులు చూశాడు. ఆ చూపు అర్థమై, ఆవిడ రక్తపరీక్షలు రాసింది. అంటుకునే జబ్బులేమైనా వచ్చాయేమో చూడాలని దాచకుండా చెప్పింది. తల్లి మొహం పాలిపోయింది. ఎక్కువ వేసుకుంటే త్వరగా పనిచేస్తుందనుకున్నానని పిడుగు గొణిగాడు. అలా జరగదని ఆవిడ వివరించింది. మగ హార్మోను అవసరానికి మించి ఎక్కితే ఒళ్ళు అందులో కొంత భాగాన్ని తిరిగి ఆడ హార్మోనుగా మార్చేస్తుందని, రక్తం చిక్కబడుతుందని, దేన్నుంచి పారిపోతున్నాడో దాన్నే వెంటబెట్టుకుని తెచ్చుకున్నట్టవుతుందని చెప్పింది. నెలసరి ఆగడం, ఒళ్ళు మగవాడిలా మారడం రెండూ ఒకటి కాదంది. మొదటిదానికి రోజూ వేసుకునే మాత్ర ఉంది, పరీక్షలు బాగుంటే త్వరలోనే మొదలుపెట్టొచ్చు. రెండోదానికి సమయం పడుతుంది. దానికి మనసుకు సంబంధించిన డాక్టరుతో కొన్నిసార్లు మాట్లాడాలి, తల్లిదండ్రులు ఒప్పుకోవాలి, మొదలుపెట్టాక మాటిమాటికీ రక్తం చూపించుకోవాలి.

"అంటే కుదరదంటారు" అన్నాడు పిడుగు.

"ఇవాళ కుదరదంటున్నాను. కుదరదు అన్న మాటకీ ఇవాళ కుదరదు అన్న మాటకీ తేడా వినబడకపోతే నీకు ముందు చెవుల డాక్టరు కావాలి."

తన పెంపకంలో ఎక్కడ పొరపాటు జరిగిందో చెప్పమని తల్లి అడిగింది. ఆ ప్రశ్న ఆవిడ రోజూ వింటుందేమో, కుర్చీలో వెనక్కి వాలి, పెంపకానికీ దీనికీ సంబంధం లేదని, పిల్లవాడు రోజంతా నీళ్ళు మానేసి, ఒకే ప్యాడ్‌తో గడిపి జబ్బు తెచ్చుకుంటుంటే ఎవరూ కనుక్కోలేదే, దాని గురించి అడగాల్సిందని అంది. తల్లికి చురుక్కుమంది.

బయటికొచ్చాక ఆ కోపమంతా పిడుగు మీద పడింది. ఆసుపత్రి మెట్ల మీద, అందరూ ఎక్కుతూ దిగుతూ ఉండగా, తగ్గు గొంతుతోనే అంది: "నువ్వు మగాడివవుతావో ఇంకేమవుతావో అవ్వు. నాకు అలవాటు కావడానికి టైం పడుతుంది, పడనీ. కానీ ఏం సీసానో చూసుకోకుండా పొడుచుకునే మగాడివి మాత్రం నా ఇంట్లో కావద్దు."

పరీక్షల ఫలితాలు వచ్చేదాకా ఆ ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు. పిడుగుకి మొట్టమొదటిసారి నిజంగా భయమేసింది. నెలసరి తప్పించుకోబోయి ప్రాణం మీదికి తెచ్చుకున్నానా అని తనమీద తనకే అసహ్యం కలిగింది. ఫలితాలు బాగానే వచ్చాయి, రక్తం కాస్త తక్కువుందన్నారు. కొన్నాళ్ళాగి ఆ జబ్బుల పరీక్ష మళ్ళీ చేయించాలన్నారు, చేయించారు, అప్పుడూ బాగానే ఉంది. కండలన్న దగ్గరికి తల్లి ఒక్కతే వెళ్ళొచ్చింది. ఏమందో ఎవరికీ చెప్పలేదు. ఆ తర్వాత ఆయన డ్రైవింగ్ స్కూలు కారు కనబడితే సందులోకి తప్పుకునేవాడు.

మాత్ర మొదలైంది. మాత్ర వేసుకున్న నెలలోనే రక్తం ఆగిపోతుందని పిడుగు అనుకున్నాడు. మొదట్లో చుక్కలు చుక్కలుగా కనబడొచ్చని డాక్టరమ్మ చెప్పిన మాట వాడి చెవికెక్కలేదు. ఇంతకుముందు నెలకోసారి వచ్చేది కాస్తా, ఇప్పుడు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో తెలియకుండా సతాయించింది. పెనం మీంచి పొయ్యిలో పడ్డానని వాడు మాత్రల డబ్బా గోడకేసి కొట్టాడు. తల్లి ఆసుపత్రికి ఫోన్ చేసి అడిగితే, మాత్ర ఒక్క వేళకే వేసుకుంటున్నారా అన్నారు. వాడు పొద్దున ఒకరోజు, సాయంత్రం ఒకరోజు, గుర్తులేక ఒకరోజు వేసుకోకుండా గడుపుతున్నాడు. దాంతో తల్లి తన ఫోనులో అలారం పెట్టింది. అది రోజూ పాఠం మధ్యలో మోగేది. ఆమె బండి పక్కకి ఆపించి ఇంటికి ఫోన్ చేసేది. మేడమ్‌కి ఏదో పెద్ద జబ్బుందని నేర్చుకునేవాళ్ళందరూ జాలిపడ్డారు.

ఇదంతా జరుగుతున్నన్నాళ్ళూ తండ్రి ఏమీ అనలేదు. ఒక మధ్యాహ్నం మాత్రం పిడుగుని పిలిచి, ప్యాడ్ ఒకటి తెచ్చి చూపించమన్నాడు. పిడుగు సిగ్గుతో చచ్చిపోయాడు. ఆయన దాన్ని మిషను విడిభాగం చూసినట్టే అటూ ఇటూ తిప్పి చూశాడు. దాని రెక్కలు ఆడవాళ్ళ లోదుస్తులకు తగ్గట్టు చేశారని, పిడుగు వేసుకునే మగవాళ్ళ నిక్కర్లకు అవి అతుక్కోక జరిగిపోతున్నాయని కనిపెట్టాడు. లోపల నీళ్ళు దిగని గుడ్డ వేసి, రెక్కలు పట్టి ఉండేలా సన్నటి పట్టీ పెట్టి ఒక నిక్కరు కుట్టాడు. మొదటిది పట్టీ వెనక్కి పెట్టి కుట్టాడు. పిడుగు వేసుకుని చూసి ఇది తలకిందులైందని చిరాకుపడితే, ఆయన కళ్ళజోడు సర్దుకుని, విప్పదీసి మళ్ళీ కుట్టాడు. రెండోది సరిపోయింది. అలాంటివి అరడజను కుట్టి, మడతపెట్టి, మంచం మీద పెట్టేసి వెళ్ళిపోయాడు.

కాలేజీకి తల్లి వెళ్ళింది. ప్రిన్సిపాలు ఆమె చెప్పింది విని, ఇబ్బందిపడి, టీచర్ల బాత్రూం తాళంచెవి పిడుగుకి ఇవ్వడానికి ఒప్పుకున్నాడు. తాళంచెవి ఆఫీసు గుమాస్తా దగ్గరుంటుంది. సమస్య తీరిందని తల్లి అనుకుంది. పిడుగు వెళ్ళిన ప్రతిసారీ గుమాస్తా తలెత్తి, దేనికి అని అడిగేవాడు. ఒకరోజు, రెండురోజులు, వారం. నాలుగో వారంలో పిడుగుకి ఓపిక పూర్తిగా హరించుకుపోయింది.

"ఉచ్చపోసుకోడానికి సార్. మీరెందుకు వెళ్తారు?"

ఆఫీసులో ఉన్నవాళ్ళందరూ తలలెత్తారు. గుమాస్తా తాళంచెవి తీసి ఇచ్చాడు. మర్నాటినుంచి, పిడుగు గుమ్మంలోకి రాగానే తాళంచెవి బల్ల మీద పెట్టి తలదించుకునేవాడు.

రక్తం ఎప్పుడాగిందో ఎవరూ గమనించలేదు. ఒకరోజు తల్లి సరుకులతోపాటు ప్యాడ్ల ప్యాకెట్టు తెచ్చి వాడి గదిలో పెట్టబోతే, కిందటిసారి తెచ్చింది విప్పకుండా అలాగే ఉంది. దాన్ని చూపించి, వాడడం లేదా అని అడిగింది. పిడుగు ఆగి ఆలోచించాడు. ఎంతకాలమైందో వాడికే గుర్తురాలేదు. ఏడాదిన్నరగా పొద్దస్తమానం తలకాయను తినేసిన గొడవ అలా చెప్పాపెట్టకుండా వెళ్ళిపోవడం వాడికి కొంచెం అవమానంగా కూడా అనిపించింది. ఇంత పోరాడినవాడికి ఒక బాజా అయినా మోగాలి కదా అనుకున్నాడు.

హార్మోను సూది మాట మాత్రం అలాగే ఉంది. మనసు డాక్టరు దగ్గరికి వెళ్ళిన ప్రతిసారీ మళ్ళీ రమ్మంటున్నాడు. హార్మోన్ల డాక్టరమ్మ రక్తం పెరగాలంటుంది. తల్లి ఒక వారం సరేనంటుంది, ఇంకో వారం ఇంకొన్నాళ్ళు ఆగలేవా అంటుంది. దాని మీద ఇంట్లో తగువులు తగ్గలేదు. పిడుగు తలుపులు వేసే చప్పుడుకి బిజాగరీలు ఊడితే, తండ్రి రెండుసార్లు బిగించాడు.

ఆ వేసవిలో కాలేజీవాళ్ళు పిల్లల్ని ఊరికి దూరంగా ఉన్న ఆనకట్ట చూడటానికి తీసుకెళ్ళారు. రాత్రి అక్కడే బస. కిందటి ఏడాది ఇలాంటిది వస్తే పిడుగు కడుపునొప్పని ఇంట్లో పడుకున్నాడు. ఈసారి ఎవర్నీ అడక్కుండా మగపిల్లల వరసలో పేరు ఇచ్చేశాడు. తల్లి వద్దంది, పళ్ళ డాక్టర్ని అడిగింది, హార్మోన్ల డాక్టరమ్మకి ఫోన్ చేసింది, చివరికి సంచి తనే సర్దింది.

మర్నాటి సాయంత్రం వాడు తిరిగొచ్చాడు. ఎండకి మెడ కమిలిపోయింది. చొక్కా నిండా బురద. ఒక కాలికి చెప్పుంది, రెండో చెప్పు నీళ్ళలో కొట్టుకుపోయిందట. ఎలా పోయిందని తల్లి అడిగితే, అందరం దూకాం, నేనూ దూకానన్నాడు. ఈత సరిగ్గా రానివాడివి ఎందుకు దూకావని ఆమె అందుకుంది. కొత్త చెప్పులని, నెల కూడా కాలేదని, ఇంటికి వచ్చేటప్పుడైనా ఇంకెవరి చెప్పులో అడిగి వేసుకు రాకూడదా అని, వాడు స్నానానికి వెళ్ళేదాకా తిడుతూనే ఉంది. బాత్రూంలో నీళ్ళ చప్పుడు మధ్యలో వాడు ఏదో పాట అందుకున్నాడు, గొంతు ఎక్కడా కుదరలేదు. తండ్రి ఆ ఒంటి చెప్పు చేతిలోకి తీసుకుని, దీనికి జత దొరుకుతుందా అని అడిగాడు. దొరకదని, ఆ మాట అడగడానికి బుద్ధుండాలని ఆమె ఆయన మీద కూడా విసుక్కుని, పిల్లవాడు ఆకలిమీద ఉంటాడని వంటింట్లోకి వెళ్ళింది.